తలుపు పిడుల పెట్టెలు

నోటు నడిచిన దారి: పదకొండో భాగం

పోయిన భాగంలో 1923 నాటి జర్మనీని చూశాం. పూటకో ధర, బస్తాల్లో నోట్లు. పాతికేళ్లు తిరిగేసరికి అదే దేశానికి దానికి పూర్తిగా ఎదురు జబ్బు పట్టుకుంది. ఈసారి ధరలు పెరగలేదు. పెరగకపోవడమే జబ్బు.

1936 నవంబరులో హిట్లర్ ప్రభుత్వం ధరలన్నిటినీ ఉన్నచోట ఉన్నట్టు ఆపేసింది. రొట్టె, జోళ్లు, ఇంటద్దె, కూలి, అన్నీ ఆనాటి లెక్క ప్రకారమే. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. ఖర్చు పెరిగినకొద్దీ నోట్లు అచ్చేశారు. ధరల పట్టీలో మాత్రం అంకె మారలేదు. 1945లో హిట్లర్ పోయాడు గానీ పట్టీ పోలేదు. గెలిచి వచ్చి దేశాన్ని తలా ఒక మండలంగా పంచుకున్న నాలుగు దేశాలూ దాన్నే పట్టుకుని కూర్చున్నాయి. అది చాలదన్నట్టు, ఆక్రమణ సైన్యాల వాడకానికి అచ్చేసే మార్కుల అచ్చుపలకల నకళ్లను అమెరికా తీసుకెళ్లి రష్యా చేతిలో పెట్టింది. రష్యన్లు కావలసినన్ని అచ్చేసుకున్నారు.

దాంతో జర్మనీలో ప్రతివాడి జేబులోనూ డబ్బుంది, కొట్లో సరుకు లేదు. రేషను కార్డు మీద మనిషికి రోజుకు 1,550 కేలరీల తిండి ఇవ్వాలని అమెరికా, బ్రిటన్ మండలాల్లో నిబంధన. 1947లో రూర్ ప్రాంతపు పట్టణాల్లో చేతికందింది వెయ్యికి అటూ ఇటూ. పట్నం వాళ్లు తివాచీలు, వెండి చెంచాలు, పెళ్లినాటి దుప్పట్లు మూటగట్టుకుని రైలెక్కి పల్లెలకు పోయేవారు, బంగాళాదుంపలతో తిరిగొచ్చేవారు. 1946 డిసెంబరు 31న కొలోన్ నగరంలో కార్డినల్ ఫ్రింగ్స్ చర్చి వేదిక మీద నిలబడి, ప్రాణం నిలుపుకోవడానికి తప్పనిసరై తీసుకున్నది పాపం కాదన్నట్టు మాట్లాడాడు. బొగ్గు వ్యాగన్ల మీద పడుతున్న జనానికి ఆ మాట చాలింది.

అప్పట్లో చెప్పుకున్న ఒక లెక్క ఉంది. గని కార్మికుడి వారం జీతం 60 మార్కులు. అతని పెరట్లో ఒక పెట్ట ఉంది, వారానికి అయిదు గుడ్లు పెడుతుంది. ఒకటి తను తిని, నాలుగు ఇచ్చి ఇరవై అమెరికన్ సిగరెట్లు తెచ్చుకుంటాడు. నల్లబజార్లో సిగరెట్టు ఎనిమిది మార్కులు. అంటే నూట అరవై. వారమంతా భూగర్భంలో చెమటోడ్చిన మనిషికంటే గింజలేరుకుని తిరిగే పెట్ట సంపాదనే రెండున్నర రెట్లకు పైన. అలాంటప్పుడు గనిలోకి ఎవడు దిగుతాడు? 1948 మేలో సగటు కార్మికుడు వారానికి తొమ్మిదిన్నర గంటలు పనికి ఎగనామం పెట్టాడంటే ఆశ్చర్యమేముంది!

యజమాని లెక్క కూడా అదే. సైకిలు చేయడానికి ఇనుము, రబ్బరు వస్తుమార్పిడి మీద తెచ్చుకోవాలి, చేసిన సైకిలు మాత్రం 1936 ధరకు అమ్మాలి. అమ్మితే వచ్చేది ఎందుకూ కొరగాని కాగితం. అందుకని చేసిన సరుకును గోదాములో దాచి తాళం వేశాడు. బాంబుల దెబ్బకు జర్మన్ ఫ్యాక్టరీలన్నీ నేలమట్టమయ్యాయనుకుంటాం. ఇళ్లు కూలిన మాట నిజం, వంతెనలు, రైలుపట్టాలు తెగిన మాట నిజం. కానీ యంత్రాల మొత్తం లెక్కేస్తే 1945లో మిగిలినది 1936లో ఉన్నదానికంటే ఎక్కువే. పనిచేసే చెయ్యుంది, యంత్రముంది, రోడ్లు, రైళ్లు మెల్లగా కోలుకుంటున్నాయి. పనిచేస్తే, సరుకమ్మితే దానికి తగ్గ ఫలమిచ్చే డబ్బు ఒక్కటే కరువైంది.

మందేమిటో 1946లోనే తేలిపోయింది. డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్, జర్మనీలోనే పెరిగి నాజీల కాలంలో అమెరికా వెళ్లిపోయిన గెర్హార్డ్ కోల్మ్, రేమండ్ గోల్డ్‌స్మిత్ కలిసి నివేదిక రాశారు. పది పాత మార్కులకు ఒక కొత్త మార్కు ఇవ్వండి, నోట్ల పోగు తగ్గించండి, ఇళ్లూ పొలాలూ ఫ్యాక్టరీలూ ఉన్నవాళ్ల మీద పన్ను వేసి డబ్బు రూపంలో నష్టపోయిన వాళ్లకు పంచండి, అన్నారు. నివేదికలో సగం అమలైంది, సగం కాలేదు. ఏ సగమో ముందు ముందు తెలుస్తుంది.

నాలుగు దేశాల మధ్య బేరం నోట్లు ఎక్కడ అచ్చేయాలన్న దగ్గర ఆగిపోయింది. తమ మండలంలోని లైప్‌జిగ్‌లో తామూ అచ్చేస్తామని రష్యా, అనుభవం అయింది చాలని అమెరికా. చివరికి 1947 శరత్తులో అమెరికన్లు ఎవరికీ చెప్పకుండా న్యూయార్కులోనూ వాషింగ్టన్‌లోనూ నోట్లు అచ్చేయడం మొదలుపెట్టారు. అలా అచ్చేసిన సుమారు 570 కోట్ల మార్కులను 23,000 చెక్కపెట్టెల్లో సర్ది, ఓడల్లో బ్రెమర్‌హావెన్ రేవుకు చేర్చారు. పెట్టెల మీద ‘తలుపు పిడులు’ అని రాశారు. అక్కడినుంచి అవి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాత రైష్‌బ్యాంకు భవనం నేలమాళిగకు చేరాయి.

ఆ నోట్లను చూస్తే ఇప్పటికీ వింతగా ఉంటుంది. ముద్రణ ముచ్చటగా, డాలరు పోలికలతో ఉంటుంది. కానీ ఏ బ్యాంకు ఇచ్చిందో పేరుండదు. ఏ ఊరో ఉండదు. సంతకం ఉండదు. ఇస్తానని ఎవరూ మాట ఇవ్వని నోటు! ఎందుకంటే అచ్చేసేనాటికి ఆ నోటు ఎవరి పేరిట చెలామణి కావాలో, ఏయే మండలాల్లో చెల్లాలో ఇంకా తేలలేదు. నోటు తయారయ్యాక దేశం తయారైంది. పశ్చిమ జర్మనీ ఏర్పడింది 1949లో.

నోట్లు వచ్చాయి సరే, చట్టాలు రాయాలి, ఫారాలు తయారుచేయాలి. 1948 ఏప్రిల్ 20న పదకొండుమంది జర్మన్ నిపుణులను ఒక బస్సెక్కించారు. బయటికి కనబడకుండా కిటికీ అద్దాలకు పూత పూశారు. కాసెల్ పట్టణం దగ్గర రోథ్‌వెస్టెన్ అనే చోట, ముళ్లకంచె వేసిన వైమానిక స్థావరంలో దించి, జూన్ 8 దాకా బయటికి వదల్లేదు. వీళ్ల మీద పెత్తనం ఎడ్వర్డ్ టెనెన్‌బామ్ అనే ఇరవయ్యారేళ్ల కుర్రాడిది. న్యూయార్కు యూదు కుటుంబం, తల్లిదండ్రులు పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. అంతకు మూడేళ్ల ముందు బూకెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరంలోకి మొట్టమొదట అడుగుపెట్టిన అమెరికన్లలో ఒకడు. అక్కడ చూసినదంతా చూసి కూడా ఆ దేశానికి పనికొచ్చే డబ్బు తయారుచేసే పనిలో కూర్చున్నాడు. ఆ సహనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు.

నిపుణులు అనుకున్నది వేరు, అక్కడ జరిగింది వేరు. పథకం రాయడానికి పిలిచారనుకున్నారు. తీరా చూస్తే అమెరికన్లు తీసుకున్న నిర్ణయాలను జర్మన్ చట్టభాషలోకి మార్చడం, ఫారాల్లో గళ్లు గీయడం వాళ్ల పని. పొదుపుదారులను ఇంతగా ముంచొద్దని, ఆస్తిపరుల మీద భారం కూడా ఇప్పుడే వేయమని మొత్తుకున్నారు. వినలేదు. ఈ నిర్ణయాల బాధ్యత మాది కాదు, ఆక్రమణ ప్రభుత్వాలదని రాతపూర్వకంగా చెప్పి బయటపడ్డారు.

ఇక ఎర్హార్డ్. ఈ కథ ఎక్కడ చెప్పినా కథానాయకుడుగా కనిపించే మనిషి. ఫ్యూర్త్ పట్టణంలో బట్టలకొట్టు యజమాని కొడుకు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు దెబ్బతింది. మొదటి ప్రపంచయుద్ధంలో తీవ్రంగా గాయపడ్డాడు. భారీ మనిషి, నోట్లో ఎప్పుడూ చుట్ట. బవేరియా ఆర్థికమంత్రిగా కొద్దికాలం పనిచేసినా, పరిపాలన చేతకాని ప్రొఫెసరనే పేరే తెచ్చుకున్నాడు. 1948 మార్చిలో అమెరికా, బ్రిటన్ మండలాల ఉమ్మడి ఆర్థిక శాఖకు అధిపతి అయ్యాడు. అదీ తన ముందువాడైన జెమ్లర్ పుణ్యమా అని. అమెరికా మనకు పంపుతున్నది కోళ్ల దాణా అని జెమ్లర్ సభలో నోరుజారాడు, జనవరిలో ఉద్యోగం ఊడింది.

నోటు మార్పు అమెరికన్ల పని. అందులో ఎర్హార్డ్ చేయి తక్కువ. ఆయన చేసింది రెండో పని. కొత్త నోటు వస్తున్న రోజే పాత ధరల పట్టీ కూడా పోవాలని పట్టుబట్టాడు. ఆర్థికవేత్త వాల్టర్ ఆయికెన్ శిష్యుడు లియొన్‌హార్డ్ మిక్ష్ చట్టం ముసాయిదా రాశాడు. రెండు మండలాల ఉమ్మడి సభలో జూన్ 17 రాత్రి మొదలైన చర్చ 18 తెల్లవారుజాము దాకా సాగింది. సోషల్ డెమొక్రాట్లు ససేమిరా అన్నారు, చివరికి బిల్లు గట్టెక్కింది. ఆ తర్వాత పై అనుమతులన్నీ పూర్తయ్యేదాకా ఎర్హార్డ్ ఆగలేదు. ధరలు విడిచిపెడుతున్నట్టు రేడియోలో చెప్పించేశాడు.

ధరల్లో ఏ మార్పు చేయాలన్నా సైనిక ప్రభుత్వం అనుమతి తీసుకోవాలని నిబంధన ఉంది. అమెరికా సైనిక గవర్నరు జనరల్ క్లే పిలిచి నిలదీస్తే, నేను మార్చలేదు, తీసేశాను అన్నానని ఎర్హార్డ్ తర్వాత చెప్పుకున్నాడు. చెప్పినవాడే హీరో అయిన కథల్ని నేను కొంచెం తగ్గించే వింటాను. క్లేకి ఇష్టం లేకపోతే ఆ సాయంత్రానికే ఉత్తర్వు రద్దయ్యేది. కాలేదు. కాబట్టి ఆయన చూసీచూడనట్టు ఊరుకున్నాడనుకోవాలి. అన్నీ తీసేశారనడం కూడా నిజం కాదు. ఇంటద్దెలు, రొట్టె, పాలు, బొగ్గు, ఉక్కు, కరెంటు అదుపులోనే ఉన్నాయి. తయారీ సరుకుల్లో చాలావాటిని వదిలేశారు.

జూన్ 18 శుక్రవారం సాయంత్రం రేడియోలో నోటు మార్పు ప్రకటన వచ్చింది. అప్పటికి కొన్ని రోజులుగా పుకార్లున్నాయి. పాత మార్కులు వదిలించుకోవడానికి జనం అప్పులు తీర్చేశారు, పన్నులు ముందే కట్టేశారు. కొట్లవాళ్లు సరుకు లేదని బోర్డులు పెట్టి తలుపులేసుకున్నారు. ఆదివారం పొద్దున రేషను కార్డు ఆఫీసుల ముందు వరసలు. ఇంటిపెద్ద అందరి కార్డులూ పట్టుకుని వచ్చి, మనిషికి అరవై పాత మార్కులు ఇచ్చి, నలభై కొత్త మార్కులు తీసుకుంటాడు. మిగతా ఇరవై కొన్ని వారాలాగి ఇస్తారు. చిల్లర నాణేలు ఇంకా తయారు కాలేదు, అర మార్కు కూడా కాగితమే. పాత చిల్లర పదోవంతు విలువకు చెల్లుతుందన్నారు. జీతాలు, పింఛన్లు, అద్దెలు పాత అంకెకే కొత్త మార్కుల్లో. అప్పులు పదికి ఒకటి. బ్యాంకులో ఉన్న పొదుపుకు మొదట పదికి ఒకటి అన్నారు, అందులోనూ సగం స్తంభింపజేశారు. చివరికి తేలిన లెక్క వందకు ఆరున్నర.

సోమవారం కొట్ల అద్దాల్లో సరుకు ప్రత్యక్షమైంది. వంటపాత్రలు, జోళ్లు, సైకిలు టైర్లు, మేజోళ్లు. శనివారం లేనివి సోమవారానికి ఎక్కడినుంచి వచ్చాయి? ఒక్క ఆదివారంలో ఏ ఫ్యాక్టరీ చేయలేదు. అమెరికా పంపే మార్షల్ సాయం ఓడలు కూడా ఇంకా చెప్పుకోదగ్గ మోతాదులో దిగలేదు. అవి నెలల తరబడి గోదాముల్లో మగ్గిన సరుకులు. ఆవులు కూడా ఒక్కసారిగా ఎక్కువ పాలిస్తున్నాయని జనం వెటకారమాడారు. నిన్నటిదాకా మనకివ్వకుండా దాచింది వీళ్లేనా అని అద్దాల ముందు నిలబడి పళ్లు నూరినవాళ్లూ ఉన్నారు. ఆ కోపాన్ని తర్వాతి చరిత్రలు మరిచిపోయాయి, అద్దాల్లోని సరుకును మాత్రం గుర్తుంచుకున్నాయి.

అయినా ఫలితం కళ్లకు కట్టింది. సిగరెట్టు మళ్లీ పొగతాగే వస్తువైంది. మేలో వారానికి తొమ్మిదిన్నర గంటలున్న గైర్హాజరు అక్టోబరుకు నాలుగు గంటల చిల్లరకు దిగింది. జూన్‌లో 1936 నాటి స్థాయిలో సగం దగ్గరున్న పారిశ్రామికోత్పత్తి ఏడాది చివరికి నాలుగింట మూడు వంతులు దాటింది. కొత్త కమిటీ వేయలేదు, ప్రణాళిక గీయలేదు. ఉన్న నోటు తగ్గించారు, ఉన్న ఆంక్ష తీసేశారు.

మన పాఠకులకు ఇక్కడ 2016 నవంబరు 8 నాటి నోట్ల రద్దు రాత్రి గుర్తొస్తుంది. పోలిక క్యూల వరకే. మన దగ్గర నోటుకు నోటు ఇచ్చారు, డబ్బు విలువ మార్చలేదు, తీసేయడానికి అలాంటి ధరల పట్టీ లేదు. జర్మనీ కథకు సరైన జోడీ వెతకాలంటే మన దగ్గర ఆ 1948లోనే ఉంది.

పెద్దవాళ్లు ఇప్పటికీ కంట్రోలు రోజులని చెబుతారు. కంట్రోలు బట్ట, కంట్రోలు బియ్యం, కంట్రోలు కిరసనాయిలు. యుద్ధకాలంలో ఇక్కడా నోట్లు పెరిగాయి, సరుకు తగ్గింది, ధరలు బిగించారు, నల్లబజారు పుట్టింది. కంట్రోళ్లు ఎత్తేయమని గాంధీజీ పట్టుబట్టారు. 1947 డిసెంబరు నుంచి తిండిగింజల మీద, కొత్త ఏడాదిలో బట్ట మీద కంట్రోలు సడలించారు. ధరలు భగ్గుమన్నాయి. దాచిన సరుకు ఇక్కడ బయటికి రాలేదు, ధర ఇంకా పెరుగుతుందని ఇంకా లోపలికి పోయింది. 1948 ముగియకుండానే కంట్రోలు తిరిగొచ్చింది. ఎర్హార్డ్ చేసిన పనే ఢిల్లీలోనూ చేశారు. అయితే ఇక్కడ వీధిలో తిరుగుతున్న నోట్ల పోగును ఎవరూ తగ్గించలేదు. దేశవిభజన, శరణార్థుల బాధ్యత, కశ్మీరు యుద్ధం మధ్య తగ్గించగలిగే స్థితి ఉందా అంటే, లేదనే అంటాను.

దీనికి తలకిందుల జోడీ జర్మనీలోనే రష్యా మండలంలో కనిపిస్తుంది. పశ్చిమాన చెల్లని పాత మార్కులన్నీ తమ మీద వచ్చి పడతాయని రష్యన్లు హడలిపోయారు. కొత్త నోట్లు సిద్ధంగా లేవు. జూన్ 23న పాత నోట్ల మీదే చిన్న కాగితపు ముక్కలు జిగురుతో అంటించి పంచారు. అవి ఊడిపోతుంటే జనం గోడకాగితం మార్కులని ఎగతాళి చేశారు. అంటించినా, తర్వాత అసలు కొత్త నోట్లే తెచ్చినా, ధరల పట్టీ, కోటా, రేషను ఎక్కడివక్కడే. నోటు తగ్గింది, కొట్టు నిండలేదు. ఆ మరుసటి రోజు, జూన్ 24న, బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూసేశారు. ఆ దిగ్బంధం పెద్ద కథ, విడిగా చెప్పుకోవాలి.

నోటు తగ్గించి ధర వదలకపోతే రష్యా మండలం, ధర వదిలి నోటు తగ్గించకపోతే మనది. పశ్చిమ జర్మనీ రెండూ ఒకే వారంలో చేసింది. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. ఒక పని చేసిన అమెరికన్ లెఫ్టినెంట్ టెనెన్‌బామ్, రెండో పని చేసిన జర్మన్ ప్రొఫెసరు ఎర్హార్డ్ ఒకే సమయానికి ఒకేచోట ఉండటంలో అదృష్టం మాత్రం చాలా ఉంది. ఎన్నికైన ప్రభుత్వమైతే వందకు తొంభై మూడున్నర కోసేసి ఓట్లడగగలిగేదా? ఆక్రమణ సైన్యం గనక చేసింది. చిన్న సంస్కరణలతో దేశం గట్టెక్కుతుందని జర్మనీని చూపించేవాళ్లు ఈ ముక్క దగ్గర గొంతు తగ్గిస్తారు.

అందరూ నలభై మార్కులతో సమానంగా మొదలయ్యారన్నది ఆ దేశంలో బాగా నిలిచిన కథ. నలభై మార్కులు అందరికీ ఇచ్చిన మాట నిజమే. కానీ ఒకడికి నలభైతోపాటు గోదాము నిండా సరుకుంది, కంపెనీ వాటాలున్నాయి, పొలముంది. వాటిలో పైసా కోత పడలేదు, పైగా వాటి మీదున్న అప్పు పదోవంతైంది. జీవితమంతా బ్యాంకులో వెయ్యి మార్కులు దాచుకున్న వితంతువుకు అరవై అయిదు మిగిలాయి. తూర్పు నుంచి తరిమేస్తే కట్టుబట్టలతో వచ్చిన లక్షలాది శరణార్థులకు నలభై అంటే నలభయ్యే. డాడ్జ్, కోల్మ్, గోల్డ్‌స్మిత్ నివేదికలో పక్కన పెట్టిన సగం ఈ తేడాను సరిదిద్దాల్సిన ఆస్తిపన్నే.

పతనం కాదు గానీ ఆ శరత్తు తేలిగ్గా గడవలేదు. విడిచిన ధరలు ఎగిశాయి, కూలి మాత్రం నవంబరు మొదటిదాకా కట్టుబడే ఉంది. గుడ్ల ధర మీద సంతల్లో గొడవలయ్యాయి, బుట్టలు తిరగబడ్డాయి. అక్టోబరు 28న స్టుట్‌గార్ట్‌లో సభ ముగిశాక జనం కొట్ల అద్దాలు పగలగొట్టారు, అమెరికన్ సైనికులు బాష్పవాయువు వదిలారు. నవంబరు 12న ఇరవై నాలుగు గంటల సార్వత్రిక సమ్మె. తొంభై లక్షల మందికి పైగా పని మానేశారు. ఎర్హార్డ్‌ను దించేయమన్న కేకలు సభలో మామూలైపోయాయి. ఆయన దిగలేదు. కానీ కొంచెం వంగాడు. సాదా జోళ్లు, బట్టలు తక్కువ ధరకు అందరికీ అందే పథకమొకటి నడిపించాడు. ఇంకోవైపు మార్చిలోనే పుట్టిన కొత్త కేంద్రబ్యాంకు అప్పుల ముడి బిగించింది. 1949లో ధరలు దిగడం మొదలైంది. నిరుద్యోగం మాత్రం పెరుగుతూ పోయి 1950 తొలి నెలల్లో ఇరవై లక్షలను తాకింది. అద్భుతమని తర్వాత పేరుపడ్డ కాలం ఆనాడు బతికినవాళ్లకు అలా కనిపించలేదు.

పక్కన పెట్టిన సగానికి నాలుగేళ్లు ఆలస్యంగా 1952లో చట్టం వచ్చింది. 1948 జూన్ 21న ఎవరి దగ్గర ఎంత ఆస్తి ఉందో లెక్కగట్టి, అందులో సగం పన్నుగా కట్టాలి, దాన్ని శరణార్థులకు, బాంబుల్లో ఇల్లు పోయినవాళ్లకు, పొదుపు పోగొట్టుకున్నవాళ్లకు పంచాలి. వినడానికి కఠినంగా ఉంది. కానీ కట్టడానికి ముప్ఫై ఏళ్ల గడువిచ్చారు, మూడు నెలలకో వాయిదా. ఆస్తి విలువలు ఏటేటా పెరిగిపోతుంటే, 1948 లెక్క మీద వాయిదా అలాగే ఉండిపోయింది. 1979లో చివరి వాయిదా కట్టేనాటికి ఇంటి యజమానికి అది పెద్ద భారమే కాదు. పుచ్చుకోవాల్సిన వితంతువుల్లో చాలామంది అప్పటికి లేరు.

(సశేషం)